మూడు కాళ్ళ ఆ కంచు పాత్రల్లో నిజంగా వండేవారా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పేస్తాను, మిగతా వాళ్ళకి కూడా తేలిగ్గా ఉంటుంది. షాంఘై మ్యూజియంలో కంచు పాత్రల గదుల్లో ఒక పూటంతా తిరిగారు. మూడు కాళ్ళవి, నాలుగు కాళ్ళవి, గుడ్లురిమే మొహం చెక్కినవి చూశారు. ఒక దాని లేబుల్ మీద వంట పాత్ర అని ఉంది, అచ్చం అలాంటిదే ఇంకోదాని మీద క్రతువుల పాత్ర అని ఉంది. వీటిలో నిజంగా వండేవారా లేక పూజకేనా, కాళ్ళెందుకు, వందల కిలోల గిన్నెను ఎవరు ఎత్తుతారు, అంత చిలుము పట్టినదాంట్లో తిన్నవాడు బతుకుతాడా అని అడిగారు.

వండేవారు. పూజకీ వాడేవారు. మీ ప్రశ్నలో "లేక" అన్న మాట దగ్గరే చిక్కు ఉంది. ఇప్పటికి మూడు వేల ఏళ్ళ కిందటి చైనాలో పెద్దింటి పూజలో ముఖ్యమైన భాగం చనిపోయిన పెద్దలకు వండి పెట్టడమే. మన ఇళ్ళలో తద్దినం తలుచుకోండి. ఏడాదంతా కుక్కర్ కూతలతో నడిచే ఇంట్లో ఆ ఒక్కరోజు అటక మీంచి ఇత్తడి గుండిగలు దిగుతాయి. వాటిని వంట గిన్నెలంటామా, పూజ గిన్నెలంటామా? మా అమ్మనడిగితే "తద్దినం గిన్నెలురా" అనేది. ఆ డింగ్‌లూ (కాళ్ళున్న మాంసం గిన్నెలు), గ్వెయ్‌లూ (ధాన్యం పెట్టే గిన్నెలు) నాకెప్పుడూ తద్దినం గిన్నెల్లాగే కనిపిస్తాయి, కాకపోతే రాజుగారింటివి.

నా సంగతి ఒక ముక్క. పాత లోహపు వస్తువులు ఇంకా పాడవకుండా కాపాడే పనిలో ఇరవై ఏళ్ళు దాటాయి, అందులో కొన్నేళ్ళు చైనా కంచుతోనే గడిచాయి. ఈ పాత్రల గురించి రాసేవాళ్ళు చాలామంది వాటి మీది మొహం దగ్గర మొదలుపెడతారు. నేను అడుగు దగ్గర మొదలుపెడతాను. ఎందుకో చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎక్కడో చెప్పను, ఒక చిన్న కంచు గిన్నె నా చేతికిచ్చారు. పని చూపించుకోవాలన్న ఉబలాటంలో అడుగున ఉన్న నల్లటి పొరను దూదితో, మెత్తటి పుల్లతో ఓపిగ్గా తీసేశాను. మా పెద్దాయన వచ్చి గిన్నె తిరగేసి చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అది మురికి కాదు నాయనా. ఆ గిన్నె పొయ్యెక్కిందని చెప్పే ఒకే ఒక్క సాక్షి. దాన్ని నువ్వే చంపావు." ఆ రోజు నుంచి ఏ పాత్ర కనబడినా మోకాళ్ళ మీద కూర్చుని ముందు కింద చూస్తాను. మ్యూజియం గార్డులు అనుమానంగా చూస్తారు, అలవాటైపోయింది.

కాళ్ళతో మొదలుపెడదాం, అసలు కథంతా అక్కడే ఉంది. ఆ కాళ్ళు అలంకారం కాదు, ఆ కాళ్ళే పొయ్యి. మూడు రాళ్ళు పెట్టి మధ్యలో నిప్పు వేసి పైన కుండ పెట్టడం మనకు తెలిసిందే. పొలాల్లో, వనభోజనాల్లో ఇప్పటికీ చేస్తాం. దక్షిణ చైనాలో ఇప్పటి జెజియాంగ్ దగ్గర హెముడు అనే చోట సుమారు ఏడు వేల ఏళ్ళ నాటి మట్టి కుండలు దొరికాయి. గుండ్రటి అడుగు కుండ, దాన్ని నిలబెట్టడానికి విడిగా కాల్చి చేసిన మట్టి దిమ్మలు. కొన్ని కుండల్లో మాడిన అన్నం చెక్క కూడా అంటుకుని ఉంది. ఉత్తరాన ఇంకో ఆలోచన వచ్చింది: ఆ మూడు రాళ్ళను కుండకే అతికించేస్తే? అదే డింగ్. ఎక్కడ దింపితే అక్కడే పొయ్యి. కాళ్ళ మధ్య కట్టెలు దోపి అంటిస్తే చాలు.

తర్వాత ఎవరో ఇంకా ముందుకెళ్ళారు. కాళ్ళు ఊరికే మోయడం దేనికి, వాటినే బోలుగా, లావుగా చేసి నీళ్ళు వాటిలోకీ దిగేలా చేస్తే మంట మూడు వైపులా తగులుతుంది కదా. ఆవు పొదుగు లాంటి ఆ మూడు కాళ్ళ కుండ పేరు లీ. మీరు షాంఘైలో చూసే ఉంటారు, కాళ్ళు ఉబ్బినట్టు ఉంటాయి. వండేవాడి బుర్రలోంచి తప్ప శిల్పి బుర్రలోంచి రాని ఆకారం అది. అందులో అసౌకర్యమూ ఉంది. గట్టి పదార్థం వండితే కాళ్ళలో ఇరుక్కుంటుంది, గరిటె అందదు. కాబట్టి లీలో జావ, నీళ్ళు. మాంసం ముక్కలు గట్టి కాళ్ళున్న డింగ్‌లో.

ఇక్కడ మన వాళ్ళకు నచ్చే సంగతి ఒకటుంది. ఉత్తర చైనాలో అప్పటి ప్రధాన ధాన్యం వరి కాదు. కొర్రలు, వరిగలు. అవును, ఇప్పుడు హైదరాబాద్ సూపర్‌మార్కెట్లో సిరిధాన్యాలని కిలో ఇంతని అమ్ముతున్నవే. వాటిని వాళ్ళు జావ కాచుకునేవారు, ఆవిరి మీదా వండుకునేవారు. ఆవిరికి వాడే గిన్నె పేరు జెంగ్, అడుగున చిల్లులుంటాయి. కింద లీలో నీళ్ళు, పైన చిల్లుల జెంగ్, రెండూ కలిస్తే యాన్. ఇడ్లీ పాత్ర ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్ళకి దీని గురించి ఇంకో వాక్యం అక్కర్లేదు.

యాన్‌లో నేను చూసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫూ హావో సమాధిలోది. ఆమె షాంగ్ వంశపు రాజు వూ డింగ్ (ఇది మనిషి పేరు, గిన్నె కాదు) భార్యల్లో ఒకరు, సేనలు నడిపిన మనిషి. హెనాన్‌లోని అన్యాంగ్‌లో 1976లో ఝెంగ్ ఝెన్‌షియాంగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త నాయకత్వంలో ఆ సమాధి తవ్వారు. దొంగల చెయ్యి పడని సమాధి. 468 కంచు వస్తువులు, 755 పచ్చరాతి వస్తువులు దొరికాయి. వాటిలో ఈ వింత యాన్ ఉంది: పొడుగాటి బల్ల లాంటి కంచు పెట్టె, దానికి ఆరు కాళ్ళు, పైన వరసగా మూడు కంతలు, మూడింటిలో మూడు ఆవిరి గిన్నెలు. అంటే ఒకే మంట మీద, ఒకే నీళ్ళతో మూడు రకాలు ఒకేసారి. మూడు బర్నర్ల స్టౌ అనుకోండి. కాళ్ళకి మసి జాడ ఉంది. రాణిగారితో పాటు పాతిపెట్టడానికి మాత్రమే చేసిన వస్తువైతే దానికి మసి ఎక్కడిది?

అదే అన్యాంగ్‌లో ఒంటికి చలి పుట్టించే సంగతి కూడా ఉంది, దాచడం నాకిష్టం లేదు. 1984లో తవ్విన ఒక సమాధిలో కంచు యాన్ లోపల మనిషి పుర్రె కనిపించింది. పైనుంచి దొర్లి పడి ఉంటుందని మొదట సరిపెట్టుకున్నారు. 1999లో మరో సమాధిలో మరో యాన్‌లో ఇంకో పుర్రె దొరికేసరికి ఆ మాట నిలబడలేదు. షాంగ్ రాజులు పెద్దలకు మనుషుల్ని బలి ఇచ్చేవారని ఎముకల మీద రాసిన జోస్యాల్లోనే ఉంది. తద్దినం గిన్నెలతో పోల్చానని ఆ కాలం మొత్తం మన అటక లాంటిదే అనుకోకండి.

సరే, ఇక పూజ ఎలా జరిగేదో చూస్తే మీ లేబుళ్ళ గొడవ తేలుతుంది. డింగ్ అన్న పేరు ఒకటే అయినా పనులు వేరు. మాంసం ఉడికించే పెద్ద కాగు ఒకటి, దాని పేరు హువో. ఉడికాక కొస ఉన్న పెద్ద గరిటెతో ముక్కలు తీసి వడ్డన డింగ్‌లలోకి మార్చేవారు. డింగ్ చెవుల్లోంచి కర్ర దూర్చి ఇద్దరు మోసుకుంటూ హాల్లోకి తెచ్చేవారు. అక్కడ మళ్ళీ ముక్కలు తీసి జూ అనే పీట మీద పేర్చేవారు. అంటే మ్యూజియంలో పక్కపక్కన నిలబడ్డ రెండు డింగ్‌లలో ఒకటి వంటవాడిది, ఇంకోటి వడ్డించేవాడిది కావచ్చు. అడుగు చూడమని నేను మొత్తుకునేది ఇందుకే.

దీనికి చక్కటి సాక్ష్యం హుబెయ్ రాష్ట్రం సుయ్‌ఝౌలో ఉంది. 1978లో అక్కడ జెంగ్ అనే చిన్న రాజ్యపు ప్రభువు యీ సమాధి తవ్వారు. (ఆవిరి గిన్నె జెంగ్‌కీ ఈ రాజ్యానికీ సంబంధం లేదు. చైనా మాటలు మన లిపిలో రాస్తే ఇలా కలిసిపోతాయి.) క్రీ.పూ. 433 ప్రాంతంలో పాతిపెట్టిన మనిషి. ఆయన 65 కంచు గంటల వాద్యం గురించి అందరూ రాస్తారు, నేను వంట సామాను దగ్గరే ఆగుతాను. పెద్ద కాగుల అడుగున మసి, లోపల ఎద్దు ఎముకలు. వడ్డన డింగ్‌లు తొమ్మిది, వాటి అడుగు చదునుగా ఉంటుంది, పొయ్యెక్కిన జాడ లేదు, లోపల మాత్రం పశువుల ఎముకలు. వండినవీ ఉన్నాయి, వడ్డించినవీ ఉన్నాయి, ఒకే గదిలో.

అక్కడే ఇంకో చిన్న వస్తువు ఉంది, జనం గంటల వైపు పరుగెడుతూ దాటేస్తారు. రెండంతస్తుల పళ్ళెం. కింది పళ్ళెంలో బొగ్గులు. పై పళ్ళెంలో చేప ఎముకలు. ఇరవై నాలుగు శతాబ్దాల కిందట ఎవరో ప్రభువుగారికి ఇష్టమని చేపను పెనం మీద వేసి అలాగే పంపించారు. దాని పక్కనే వేసవికి ఇంకో ఏర్పాటు: పెద్ద చదరపు పాత్ర లోపల ఇంకో చదరపు పాత్ర, మధ్య ఖాళీలో ఐసు ముక్కలు, లోపల మద్యం. ఈ సమాధి సామానంతా చూశాక ఆ ప్రభువు తిండిపోతని నాకో గట్టి నమ్మకం ఏర్పడింది.

తొమ్మిది డింగ్‌లు అన్నాను కదా, ఆ అంకెకి అర్థం ఉంది. షాంగ్ తర్వాత వచ్చిన ఝౌ వంశం కాలంలో ఎవరు ఎన్ని పెట్టుకోవాలో లెక్క ఉండేది. చక్రవర్తికి 9 డింగ్‌లు, ధాన్యం పెట్టే గ్వెయ్ గిన్నెలు 8. సామంత రాజులకు 7, 6. మంత్రుల స్థాయికి 5, 4. ఆ కింది వాళ్ళకు 3, 2. డింగ్‌లది బేసి లెక్క, గ్వెయ్‌లది సరి లెక్క. ఆ లెక్కలో ఒక చిన్న రాజ్యపు ప్రభువు 9, 8 పెట్టుకున్నాడంటే చక్రవర్తి మాట అప్పటికి ఎంత చెల్లుతోందో మీకే అర్థమవుతుంది. ఒకప్పుడు మన దగ్గర కారు మీద ఎర్రబుగ్గ కోసం పడ్డ తాపత్రయం గుర్తొస్తుంది నాకు.

డింగ్‌లోంచి ఎవరికి వడ్డిస్తారు, ఎవరికి వడ్డించరు అన్నది ఎంత పెద్ద విషయమో చెప్పే కథ ఒకటి క్రీ.పూ. 605 నాటిది. ఝెంగ్ రాజ్యం (ఇది మూడో పేరు, మన్నించండి). దక్షిణాన ఉన్న చూ రాజ్యం నుంచి రాజుగారికి పెద్ద తాబేలు కానుకగా వచ్చింది. అదే రోజు ఇద్దరు రాజకుమారులు కొలువుకి వస్తుంటే ఒకాయనకు చూపుడు వేలు అదిరింది. "ఇలా అదిరినప్పుడల్లా నాకేదో మంచి తిండి దొరుకుతుంది" అన్నాడు. లోపలికి వెళ్ళి చూస్తే వంటవాడు తాబేలు కోస్తున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. రాజు ఎందుకని అడిగి తెలుసుకుని, కావాలనే ఆ వేలు అదిరినాయనను పిలిచి మరీ వడ్డించలేదు. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి డింగ్‌లో వేలు ముంచి, నాకి, విసురుగా బయటికి నడిచాడు. రాజు చంపిస్తానన్నాడు. ఈలోగా వాళ్ళే రాజును చంపారు. మన పెళ్ళిళ్ళలో బంతి దగ్గర వడ్డన తేడా వచ్చి బంధుత్వాలు తెగడం చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. అదిరే చూపుడు వేలు అంటే నోరూరడం అని, వేలు ముంచడం అంటే తనది కానిదాంట్లో చెయ్యి పెట్టడం అని చైనా భాషలో జాతీయాలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

వంట రుచి గురించి కూడా ఒక మాట. పెద్దలకు పెట్టే మాంసపు పులుసుల్లో అన్నిటికంటే గౌరవమైన దానికి ఉప్పు గానీ, మసాలా గానీ కలిపేవారు కాదు. ఉత్త ఉడికించిన రసం. క్రతువుల గ్రంథాల్లో దీని గురించి స్పష్టంగా ఉంది. బతికున్నవాళ్ళ నాలుకకు రుచి, పెద్దలకు మొదటి వంట ఎలా ఉండేదో అలా. నైవేద్యం వండుతూ రుచి చూడకూడదని మా నాయనమ్మ గరిటె లాక్కునేది, అది వేరే సంగతి.

ఆ డింగ్‌లలో పులుసు నిజంగా మిగిలి ఉంటుందా అంటే, ఉంది. 2010లో షియాన్ దగ్గర విమానాశ్రయం విస్తరణ పనుల్లో బయటపడ్డ సమాధిలో మూత ఉన్న చిన్న డింగ్ దొరికింది. మూత తీస్తే లోపల మురికి ద్రవం, ఎముకలు. సుమారు 2400 ఏళ్ళ నాటిది. ఎముకలు కంచు దిగి పచ్చగా మారిపోయాయి. కుక్క ఎముకలని తేల్చారు. ఆ ఫోటోలు చూసినవాళ్ళెవరూ ఇవి ఉత్త పూజా వస్తువులని అనరు.

ఇప్పుడు బరువు. మీరడిగిన వందల కిలోల పాత్రల్లో రారాజు హౌమూవూ డింగ్, బీజింగ్ జాతీయ మ్యూజియంలో ఉంది. 832.84 కిలోలు, ఎత్తు 133 సెంటీమీటర్లు, నాలుగు కాళ్ళు. 1939లో అన్యాంగ్ దగ్గర ఊగ్వాన్ గ్రామంలో రైతులకు దొరికింది. ఎత్తలేక రంపంతో కోయబోయారు, సాగలేదు. జపాన్ సైన్యం వెతుకుతోందని మళ్ళీ పాతేశారు. 1946లో తీశారు. ఒక చెవి పోయింది, ఇప్పుడున్నది తర్వాత చేసి అతికించింది. ఇలాంటిదాన్ని ఎవరూ పొయ్యి మీదకి ఎత్తరు. ఒక రాజు తన తల్లి పేరున పోయించిన పాత్ర అది. ఇది మినహాయింపు, దీన్ని పట్టుకుని మిగతా వాటిని అంచనా వేస్తే పొరపడతాం. ఫోటోల్లో అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి, అదొక ఇబ్బంది. చాలా డింగ్‌లు మన పెళ్ళి వంటల గుండిగ కంటే చిన్నవే.

పోత పోసే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను, ఆ మొహం గుట్టు అందులో ఉంది. మన దగ్గర విగ్రహాలకు మైనపు పోత వాడతారు: మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. షాంగ్ పనివాళ్ళు మట్టితో నమూనా చేసి, దాని మీద మళ్ళీ మట్టి అదిమి, ఆ అచ్చును నారింజ తొక్క ఒలిచినట్టు ముక్కలుగా తీసేవారు. లోపల ఇంకో మట్టి దిమ్మ పెట్టి, అచ్చు ముక్కలు చుట్టూ మళ్ళీ పేర్చి, మధ్య సందులో కరిగిన కంచు పోసేవారు. రెండు ముక్కలు కలిసే చోట గీత పడుతుంది. ఆ గీతను దాచడానికి అక్కడ అంచు లేపారు. చాలాచోట్ల ఆ అంచే ముక్కు, అటొక కన్ను ఇటొక కన్ను. మీరు చూసిన గుడ్లురిమే మొహం చాలాసార్లు అలాంటి అంచు మీదే కూర్చుని ఉంటుంది. దాని అర్థం గురించి వందల పేజీలు రాశారు. కంచుతో పనిచేసేవాడిగా నాకు మాత్రం అతుకు కప్పడంలో పనితనమే ముందు కనబడుతుంది.

లోహం సంగతికొస్తే, హౌమూవూ డింగ్‌లో సుమారు 84.8 శాతం రాగి, 11.6 శాతం తగరం, 2.8 శాతం సీసం. కొత్తగా పోసినప్పుడు అది పచ్చగా ఉండదు, బంగారంలా మెరిసేది. ఝౌ శాసనాల్లో దాన్ని శుభ లోహం అనే రాసుకున్నారు. మీరు చూసిన పచ్చదనం వేల ఏళ్ళు మట్టిలో ఉండి పట్టిన చిలుము, అప్పటివాళ్ళు చూసింది కాదు. కాబట్టి విషం గురించి మీ టెన్షన్ సగం తగ్గించుకోండి. మిగతా సగానికి కారణం సీసం. పోత బాగా పారడానికి కొన్ని పాత్రల్లో సీసం ఎక్కువే కలిపేవారు, పుల్లటి ద్రవం ఎక్కువసేపు నిలవుంటే సీసాన్ని లాగుతుంది. మాంసం ఉడికించి వెంటనే తీసేస్తే ఒక లెక్క, మద్యం రోజుల తరబడి నిలవ ఉంచితే ఇంకో లెక్క.

మద్యం అన్నాను కాబట్టి, షాంగ్ వాళ్ళకి తిండి గిన్నెల కంటే తాగే గిన్నెల మీద మోజు ఎక్కువ. సన్నటి మూడు కాళ్ళతో, పొడుగాటి ముక్కుతో ఉండే జ్యూయె, బూరలా విచ్చుకున్న గూ, ఈ రెండూ జతగా సమాధుల్లో ఉంటాయి, ఎన్ని జతలుంటే అంత గొప్ప. వాటిలో పోసేది ద్రాక్ష సారా కాదు, ధాన్యం పులియబెట్టి చేసినది. క్రీ.పూ. 1046 ప్రాంతంలో ఝౌ వాళ్ళు షాంగ్‌ను ఓడించారు. ఓడినవాళ్ళు తాగి చెడ్డారని గెలిచినవాళ్ళు ప్రచారం చేశారు. షాంఘైలో ఉన్న డా కె డింగ్‌కి జంటగా చెప్పుకునే డా యూ డింగ్ బీజింగ్‌లో ఉంది, 153.5 కిలోలు, లోపలి గోడ మీద 291 అక్షరాలు. అందులో ఝౌ రాజు తన అధికారికి చెప్పే హితబోధలో ఈ తాగుడు ముచ్చటే ఉంది. ఆ తర్వాత ఒకటి రెండు శతాబ్దాల్లో సమాధుల్లో జ్యూయె, గూ తగ్గిపోయి, డింగ్‌లూ గ్వెయ్‌లూ వరసలు కట్టాయి. తాగుడు మీద ఝౌ వాళ్ళు పెట్టిన కట్టడి ఎంత పనిచేసిందో గిన్నెలు లెక్కపెట్టి చెప్పొచ్చన్నమాట. మీరు చూసిన డా కె డింగ్‌నీ, ఈ డా యూ డింగ్‌నీ సుఝౌలో పాన్ కుటుంబం జపాన్ ఆక్రమణ కాలంలో ఇంట్లోనే గొయ్యి తీసి పాతి కాపాడింది. ఆ ఇంటి కోడలు పాన్ దాయూ 1951లో రెండింటినీ ప్రభుత్వానికి ఇచ్చేసింది.

డింగ్ రాజ్యాధికారానికి గుర్తైన కథలు మీరు వినే ఉంటారు, త్వరగా చెప్పేస్తాను. క్రీ.పూ. 606లో చూ రాజు ఝౌ రాజధాని సరిహద్దుకు సైన్యంతో వచ్చి, అక్కడి తొమ్మిది డింగ్‌ల బరువెంత అని అడిగాడు. వాటి సంగతి ధర్మాన్ని బట్టి గానీ బరువును బట్టి కాదని దూత జవాబిచ్చాడు. క్రీ.పూ. 307లో చిన్ రాజు వూ పందెం కట్టి డింగ్ ఎత్తబోయి కాళ్ళు విరగ్గొట్టుకుని చనిపోయాడు. వంటగిన్నె ఎత్తబోయి పోయిన రాజు ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారేమో చూడాలి.

కాళ్ళు ఎందుకు వచ్చాయో చెప్పాను, ఎందుకు పోయాయో చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మట్టి పొయ్యి వచ్చింది. చుట్టూ మూసి, పైన కంత పెట్టి, వెనక పొగగొట్టం పెట్టిన పొయ్యి. అందులో గుండ్రటి అడుగు కుండ సరిగ్గా కూర్చుంటుంది, మంట వృథా కాదు. కాళ్ళున్న గిన్నె ఆ కంతలో పట్టదు. ఫూ అనే ఆ గుండ్రటి కాగు మీద చిల్లుల జెంగ్ పెట్టుకుంటే యాన్ పని కూడా అయిపోయింది. క్రీ.పూ. 207లో షియాంగ్ యూ అనే సేనాని నది దాటాక పడవలు ముంచేసి, వంట గిన్నెలు పగలగొట్టించి, సైనికులకు వెనక్కి దారి లేకుండా చేశాడన్న కథలో పగిలినవి ఫూ, జెంగ్‌లే. అప్పటికే సైన్యం వంటింట్లో డింగ్ లేదు.

ఇంట్లోంచి పోయినా పూజలో, సమాధిలో మాత్రం ఉండిపోయింది. కంచు కాకపోతే మట్టితో, లేదంటే లక్కపూతతో. 1972లో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌డుయ్‌లో దొరికిన లేడీ దాయ్ (ఒక ప్రభువు భార్య) సమాధిలో లక్క డింగ్ మూత తీస్తే నీళ్ళలో తామర దుంప ముక్కలు తేలుతూ కనిపించాయి, గుండ్రంగా, చిల్లులతో సహా. రెండు వేల ఏళ్ళకు పైబడిన పులుసు. గిన్నె కదిలించేసరికి ముక్కలు నీళ్ళలో కరిగిపోయాయి. ఎవరో ముందే తీసిన ఒక ఫోటో మిగిలింది. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

భోజనం దగ్గర వాళ్ళు చెయ్యి వాడేవారా అని కింద ఇంకొకరు అడిగారు. వాడేవారు. పాత మర్యాదల గ్రంథంలో నలుగురూ కలిసి ఒకే గిన్నెలో అన్నం తినేటప్పుడు చేతులు రుద్దుకోకూడదనీ, వరిగల అన్నానికి తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) వాడకూడదనీ ఉంది. పూజకి ముందు ఒకరు యీ అనే ముక్కున్న చెంబుతో నీళ్ళు పోస్తే, కింద పళ్ళెం పట్టి చేతులు కడిగించేవారు. మన ఇళ్ళలో అల్లుడికి కాళ్ళు కడిగే పళ్ళెం, చెంబు గుర్తు రాకుండా ఆ జత చూడలేను. ఇదంతా మారిపోయాక, ఏడో శతాబ్దంలో హ్యూయెన్ త్సాంగ్ మన దేశమంతా తిరిగి ధాన్యకటకం కూడా చూసి వెళ్ళి, భారతీయుల వంట గురించి రాసినప్పుడు ఆయనకి వింతగా తోచినవి మూడు: కాగులున్నాయి గానీ ఆవిరి వంట జెంగ్ తెలియదట, ఒకే గిన్నెలో అన్నీ కలుపుకుంటారట, వేళ్ళతో తింటారట. ఇడ్లీ తిని పెరిగిన మనకి మొదటి ముక్క కాస్త గుచ్చుకుంటుంది, ఏం చేస్తాం.

ఈసారి వెళ్ళినప్పుడు అడుగులు చూడండి, కాళ్ళ లోపలి వైపు చూడండి. కొన్నిటిలో ఇంకో సరదా ఉంది. షాన్షీలో ఫూఫెంగ్ దగ్గర ఝువాంగ్‌బాయ్‌లో 1976లో దొరికిన ఒక చిన్న పాత్రకి కింద నిప్పు పెట్టే గది ఉంది, దానికి తెరుచుకునే తలుపు, తలుపు దగ్గర ఒక పాదం నరికిన కాపలాదారు బొమ్మ. గుప్పెడు బొగ్గులు పెట్టి తలుపు వేస్తే పైన పులుసు వెచ్చగా ఉంటుంది. హాట్‌ప్యాక్ కనిపెట్టింది మనమే అనుకుంటాం.

ఇక మీరు నూడుల్స్ బండి దగ్గర చూసే వోక్ ఉంది కదా, అది కాంటన్ ఉచ్చారణలో హువో అన్న మాటే, ఎద్దును ఉడికించిన ఆ కాగు పేరు. ఫుజియాన్‌లో, తైవాన్‌లో హొక్కియన్ మాట్లాడే ఇళ్ళలో మాత్రం ఆ మూకుడుని అలా అనరు. గుండ్రటి అడుగు, కాళ్ళు లేని ఆ ఇనప మూకుడుని వాళ్ళు టియా అంటారు, ముక్కుతో పలుకుతారు. రాయమంటే డింగ్ అక్షరమే రాస్తారు.